తెర లేచేదాకా ఆగే మనిషి

పోయిన నెలలో నాకో మెయిల్ వచ్చింది. రాసినాయన ఎక్కడో చలిదేశంలో ఉంటాడు, నేనెప్పుడూ చూడలేదు. పాత డిస్‌ప్లే చిప్ ఒకదాని డ్రైవర్ ప్రోగ్రాములో సరైన కారణం చూపించకుండా కాసేపు ఊరికే ఆగమనే లైను ఒకటి ఉందట. తన దగ్గరున్న పాత మెషీన్‌లో ఆ లైను తీసేసి చూస్తే ఏ తేడా రాలేదట. అభ్యంతరం లేకపోతే తీసేస్తానన్నాడు. డ్రైవర్ రాసినవారి పేరు, పరీక్షించినవారి పేరు కోడ్‌తోపాటే ఉంటాయి కాబట్టి ఇద్దరికీ పంపాడు. పరీక్షించింది నేను.

"కాస్త టైమివ్వండి, చూసి చెబుతాను" అని అందరికీ వెళ్ళేలా జవాబు కొట్టాను. నిమిషం తిరక్కుండా డ్రైవర్ రాసినాయనకి వెళ్ళాల్సిన జవాబు వెనక్కి వచ్చిపడింది. ఈ అడ్రసు గలవారు లేరు అని. మర్యాదగానే చెప్పింది.

లేరని నాకు తెలుసు. గుణదలలో భూస్థాపన జరిగిన రోజు నేనక్కడే ఉన్నాను. ఏడాది కావస్తోంది. అయినా మెషీన్ నోట వింటే కొత్తగా విన్నట్టయింది. ఆ పూట ఇక పని చేయబుద్ధి కాలేదు.

ఆయన్ని అందరం మాస్టారు అనేవాళ్ళం. ఏ బడిలోనూ పాఠం చెప్పిన మనిషి కాదు. చొక్కా జేబులో రెండు పెన్నులు, ఎండకీ వానకీ ఒకటే నల్లగొడుగు, ఎవరేం చెప్పినా ముందు "కాదులే" అనే అలవాటు. వీటన్నిటికీ కలిపి ఆ పేరు స్థిరపడింది.

మా కంపెనీ పటమటలో టైర్ల షాపు పైన రెండు గదుల్లో ఉండేది. చిన్న చిన్న కంప్యూటర్లు చవకగా తయారుచేసి స్కూళ్ళకీ, ఆస్పత్రి కౌంటర్లకీ అమ్మాలని మా ఓనరుగారి ఆశ. కంప్యూటర్ చవకగా రావాలంటే చిప్ చవకది కావాలి. దొరికింది. తెర మీద బొమ్మ చూపించాల్సింది ఆ చిప్పే, కానీ దాంతో మాట్లాడటం ఆపరేటింగ్ సిస్టమ్‌కి రాదు. ఆ రెండిటినీ మాట్లాడించే ప్రోగ్రామునే డ్రైవర్ అంటారు. అది రాయడానికి మాస్టారిని, ఆయనకి తోడుగా నన్నూ పెట్టుకున్నారు.

వినడానికి చిన్న పనిలా ఉంటుంది. చిప్ లోపల వందల గడులుంటాయి. ఏ గడిలో ఏ అంకె వేస్తే ఏమవుతుందో తయారుచేసినవాళ్ళు చెప్పాలి. వాళ్ళు పంపిన పుస్తకంలో సగం పేజీలు ఖాళీ, మిగతా సగం వేరే చిప్ గురించి. ఇక అంకె వేయడం, తెర వంక చూడటం, అది తీసేసి ఇంకోటి వేయడం, ఇదే మా ఉద్యోగం. అన్నిటికంటే విసుగేమిటంటే, మిగతా ప్రోగ్రాములు రాసేవాళ్ళు తప్పు చేస్తే ఆ సంగతి తెర మీద కనపడుతుంది. మేము తప్పు చేస్తే తెరే రాదు. తప్పేమిటో చెప్పాల్సిన నోటిని మనమే కుట్టేసి, ఎందుకు చెప్పవూ అని అడిగినట్టుంటుంది.

తెర నల్లగా ఉండిపోయినప్పుడు మాస్టారు ముందు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకునేవారు. తర్వాత కీబోర్డు మీద క్యాప్స్ లాక్ మీట ఒక్కసారి నొక్కేవారు. మూలనున్న బుల్లి దీపం వెలిగితే మెషీన్ బతికే ఉంది, తెర ఒక్కటే రాలేదని అర్థం.

"లోపల ఉన్నాడమ్మాయ్. మనకి కనపట్టంలేదంతే" అనేవారు.

"దీపం కూడా వెలక్కపోతే?" అని కొత్తలో అడిగాను.

"అప్పుడు టీ తాగొద్దాం."

ఆ లెక్కన మేము తాగిన టీలకి కింద బడ్డీకొట్టు ఆయన మేడ కట్టి ఉండాలి. రంజాన్ నెలలో నేను ఉపవాసం ఉన్న రోజుల్లో మాత్రం మాస్టారు నా ముందు గ్లాసు పట్టుకునేవారు కాదు. మెట్ల మీద నిలబడి తాగి, మూతి తుడుచుకుని లోపలికి వచ్చేవారు. ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

పచ్చరంగు గురించి చెప్పాలి. ఆ చిప్‌తో మొదటిసారి తెర వెలిగించడానికి వారం పైగా కొట్టుకున్నాం. అంకెలు మార్చాం, కేబుల్ మార్చాం, మానిటర్ మార్చాం. తెర నలుపు వదల్లేదు. మాస్టారు మధ్యాహ్నం అన్నం మానేసి క్యారేజీ విప్పకుండానే ఇంటికి పట్టుకుపోయేవారు. ఇంటి దగ్గర ఆయన భార్య, మా ఆంటీ, చేత చివాట్లు తినడం అదనం. ఒకరోజు సాయంత్రం ముసురు పట్టి కరెంటు పోయింది. గదిలో లైట్లు ఆరిపోయాయి, మెషీన్‌కి మాత్రం యూపీఎస్ ఉంది. ఆ చీకట్లో చూస్తే మా నల్లతెర నల్లగా లేదు. బూడిదరంగులో మసగ్గా వెలుగుతోంది.

తెర ఎప్పుడో వచ్చేసింది. రాగానే శుభ్రం చేయమని మేమిచ్చిన రంగే నలుపు. మా చేత్తో మేమే నలుపు పూసుకుని, తెర రాలేదని వారం రోజులు ఏడ్చాం.

నేను పడీపడీ నవ్వాను. మాస్టారు నవ్వలేదు. కుర్చీలో వెనక్కి వాలి, "ఎంత వెధవనమ్మాయ్ నేను" అన్నారు. చాలాసేపటి తర్వాత లేచి గొడుగు తీసుకుంటూ ఒక శాసనం చేశారు. "ఇకనించి ముందు పచ్చ వెయ్యాల. నలుపుని నమ్మకూడదు. నీలం కూడా వద్దు, ఏమీ రాకపోతే కొన్ని మానిటర్లు వాటంతటవే నీలం వేసుకుంటాయి. వరిచేను పచ్చ వెయ్యి. అది మనం వేస్తేనే వస్తది."

అప్పటినుంచి మా దగ్గర ఏ తెర లేచినా ముందు నిండా పచ్చగా లేచేది. ఆ తర్వాతే మిగతావి.

బయట కూడా ఆయనది ఇదే గోల. ఏ దుకాణంలో తెర కనపడినా దాని ముందు చేతివేళ్ళు విడదీసి అటూ ఇటూ ఆడించేవారు. వేళ్ళు ముక్కలు ముక్కలుగా కనపడితే తెర వణుకుతున్నట్టు. ఒకసారి పనిమీద ఏలూరు వెళుతూ హనుమాన్ జంక్షన్‌లో టిఫిన్‌కి ఆగాం. హోటల్లో ఇడ్లీ, పెసరట్టు ధరలు చూపించే తెర ఉంది. మాస్టారు దాని ముందు నిలబడి వేళ్ళు ఆడిస్తుంటే కౌంటర్లో ఆయన దిష్టి తీస్తున్నాడనుకున్నాడో ఏమో, లేచి వచ్చాడు.

"ఏంటండీ?"

"మీ తెర వణుకుతోందండీ. సెట్టింగు తప్పు పెట్టారు."

"మాకు బానే కనపడతందిగా సార్."

"మీకు కనపడతందండీ. సాయంత్రానికి మీకు తలనొప్పి కూడా వస్తంది చూడండి."

"అది మా ఆవిడ వల్ల అనుకుంటన్నానండీ" అన్నాడాయన. ఇద్దరూ కలిసి కుర్చీ ఎక్కి సెట్టింగు మార్చారు. మాస్టారి పెసరట్టు చల్లారింది, మా బస్సు పోయింది. తలనొప్పి సంగతి ఏమైందో తెలియదు.

ఇక ఆ లైను సంగతి. తెరని వెలిగించడం కంటే నిద్రపోయిన తెరని లేపడం కష్టం. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే కంప్యూటర్ నిద్రపోతుంది. మీట నొక్కగానే లేవాలి. నిద్రపోయిన చిప్ అంతా మరిచిపోతుంది, డ్రైవర్ మళ్ళీ మొదటినుంచి వరసగా చెప్పుకురావాలి. మా మెషీన్లు పొద్దున పూట చక్కగా లేచేవి. మధ్యాహ్నం కొన్ని లేచేవి, కొన్ని లేచేవి కావు.

"భోజనం తర్వాత నిద్ర ఎవరికైనా బరువేగదండీ" అని ఓనరుగారు హాస్యమాడారు. మాస్టారు వారం రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు.

తర్వాత మాస్టారు ఏసీ ఆపేయించారు. బెజవాడ, మే నెల, టైర్ల షాపు మీద గది. కిటికీలు కూడా మూయించారు. "ఏసీలో అన్నీ బుద్ధిమంతులేనమ్మాయ్. కొనుక్కున్నోడి దగ్గర ఏసీ ఉంటదా?" అనేవారు. చెమటకి నా దుపట్టా తడిసి వీపుకి అతుక్కుపోయేది. పక్కగదిలో డిజైన్ పని చేసే అతను ఆ వేసవిలోనే ఉద్యోగం మానేశాడు. నేనూ మానేద్దునే, ఇంకో ఉద్యోగం దొరక్క ఉన్నాను. ఆయన మంచితనం గురించి ఎవరైనా నా దగ్గర ఎక్కువ చెబితే నాకు ఆ గది ఉక్క గుర్తొస్తుంది.

వేడెక్కితేనే తెర లేవడం లేదని తేలింది. రెండు అంకెల మధ్య ఒక ఊపిరి పీల్చి వదిలేంతసేపు ఆగితే లేస్తోంది. ఆగకపోతే లేవదు. చిప్ లోపల ఏదో కుదురుకోవడానికి వేడిలో ఎక్కువసేపు పడుతుందని మా ఊహ. ఊహే, తెలిసింది కాదు. చిప్ కంపెనీకి రాసిన ఉత్తరాలకి జవాబు లేదు. మాస్టారు ఆగమని ఒక లైను పెట్టారు.

ఆ ఆపరేటింగ్ సిస్టమ్ ఒకరి సొత్తు కాదు. ఎవరైనా కోడ్ పంపవచ్చు, నాలుగు దేశాల్లో ఉన్న పెద్దలు చూసి ఒప్పుకుంటే అందులో చేరుతుంది. చేరితే ఆ చిప్ ఉన్న ప్రతి మెషీన్‌కీ వెళుతుంది. చేరకపోతే మా కంపెనీ మూతపడ్డ నాడే డ్రైవర్ కూడా పోతుంది. మాస్టారికి అందులో చేరాలనే ఒక్క కోరిక ఉండేది. జీతం గురించి కూడా అంత పట్టుగా అడిగిన మనిషి కాదు. ఎన్నిసార్లు పంపినా ఆ లైను దగ్గరే తిరిగి వచ్చేది. ఎందుకు ఆగుతున్నారు, కారణం రాయండి, లేదా తీసేయండి అనేవాళ్ళు. ఎండకి అని మాస్టారు రాశారు. మా దగ్గర అలా జరగడం లేదని వాళ్ళన్నారు. మెషీన్‌ని కాస్త చల్లటిచోట పెట్టుకోమని ఒకాయన సలహా ఇచ్చాడు. మాస్టారు ఆ సలహా చదివి కిటికీ దాకా వెళ్ళి, మూసిన కిటికీ తెరిచి, కాసేపు రోడ్డు వంక చూసి మళ్ళీ మూసేశారు.

ఓనరుగారికి ఓపిక పోయింది. "చిప్ కంపెనీవాళ్ళే ఆగమన్నారని ఒక ముక్క రాసి పడెయ్యండి మాస్టారూ. ఎవడొచ్చి అడుగుతాడు?"

"ఎవరూ అడగరండీ. రేపెవడో చదివి నమ్ముతాడు. వాడి తెర లెగవకపోతే నా మాట పట్టుకుని ఎక్కడెక్కడో ఎతుక్కుంటా కూర్చుంటాడు."

"వాడి సంగతి మనకెందుకండీ? ఇక్కడ ఆర్డర్లు పోతన్నాయి."

"నాకు తెలవదండీ. తెలవందాన్ని తెలవదనే రాస్తాను."

అలాగే రాశారు. ఎండ ఎక్కువగా ఉన్న మధ్యాహ్నాల్లో ఇక్కడ ఆగకపోతే తెర లేవదు, ఎందుకో నాకు తెలియదు, విజయవాడలో చూశాను, అని. పరీక్షించింది నేనని నా పేరు. ఏ దేవుడు కరుణించాడో, ఆ ముక్క చదివిన ఒక పెద్దాయన ఇది నిజాయితీగా ఉందని ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రం మాస్టారు అందరికీ పునుగులు తెప్పించారు. ఆయన మాత్రం ఒకటి తిని, అలసిపోయానమ్మాయ్ అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. అంత సంతోషంలో అంత అలసిపోయిన మొహం నేను మళ్ళీ చూడలేదు.

కంపెనీ నిలబడలేదు. అమ్ముడుపోని మెషీన్లలో ఒకదాన్ని మాస్టారు గుణదలలో వాళ్ళ ప్రార్థన మందిరానికి ఇచ్చారు. ఆదివారాలు పాటల మాటలు పెద్ద అక్షరాలతో గోడమీది తెరకి ఎక్కించేది అదే. తర్వాత ఆయన చిన్నాచితకా పనులు చేశారు. నేను ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఏదో కంపెనీ యాప్‌లో బటన్లు ఇటువి అటు జరుపుతుంటాను. నల్లతెరలతో నాకు పని లేదు. ఇక జన్మలో వద్దని దణ్ణం పెట్టేశాను. పోయిన వేసవి మొదట్లో మాస్టారు నిద్రలోనే పోయారు.

మెయిల్ వచ్చాక ఆంటీకి ఫోన్ చేసి, మందిరంలో మెషీన్ ఇంకా ఉందా అని అడిగాను. ఆంటీ నర్సుగా చేసి రిటైరైన మనిషి, ఏదీ రెండుసార్లు అడగనివ్వరు. "వచ్చి తీసుకుపోమ్మా, ఆదివారానికి తెచ్చివ్వు" అన్నారు. స్కూటీ మీద పెట్టుకుని పటమటలో మా ఇంటికి తెచ్చాను. గదిలో ఏసీ వేసుకుని, ఆ లైను తీసేసి, నిద్రపుచ్చి లేపాను. లేచింది. మళ్ళీ లేపాను. మళ్ళీ లేచింది. సాయంత్రందాకా అదే పని, ప్రతిసారీ నిండా పచ్చగా లేచి నిలబడింది.

నిజం చెప్పాలంటే నాకు హాయిగా అనిపించింది. లైను అక్కర్లేదు, తీసేసుకోండి అని రాసేస్తే నా పేరూ ఆ గొడవలోంచి బయటపడుతుంది. జవాబు టైపు చేశాను కూడా. పంపబోతుంటే భుజాలకి చల్లగా తగిలి, ఏసీ ఆపుదామని రిమోట్ కోసం వెతికాను. రిమోట్ చేతిలోకి వచ్చాక గానీ నేను చేస్తున్న పనేమిటో నాకు తట్టలేదు. ఆ చలిదేశపాయన చేసిందీ ఇదే. జవాబు చెరిపేశాను.

మెషీన్ శనివారమే తిరిగిచ్చి, ఆదివారం ఆరాధన అయిపోయాక మళ్ళీ వెళ్ళాను. కాలువ గట్టు పక్కన రేకుల షెడ్డు అది. పైన రేకులు ఎండకి టిక్కుటిక్కుమంటున్నాయి. అందరూ వెళ్ళిపోయారు, ఆంటీ ఒక్కరే ప్లాస్టిక్ కుర్చీలో విసనకర్రతో కూర్చున్నారు. లైను తీసిన డ్రైవర్‌తోనే మెషీన్ పెట్టి, వేడెక్కనిచ్చి, నిద్రపుచ్చి, మీట నొక్కాను.

రాలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాను. క్యాప్స్ లాక్ నొక్కితే బుల్లి దీపం వెలిగింది.

"లోపల ఉన్నాడా?" అన్నారు ఆంటీ.

ఆ మాట ఆమెకీ తెలుసని నాకు తెలియదు. "ఉన్నాడాంటీ" అన్నాను.

లైను మళ్ళీ పెట్టాను. నిద్రపుచ్చి లేపాను. ఒక ఊపిరంతసేపు ఏమీ లేదు. తర్వాత గోడంతా పచ్చగా నిండింది. ఆంటీ విసనకర్ర ఆపి దాన్నే చూస్తున్నారు.

"పాటకి ముందు మేమందరం ఆగుతామమ్మా. ఆయన అలవాటు చేశాడు. తెర లెగిసేదాకా పాట ఎత్తుకోవద్దనేవాడు పాస్టరుగార్ని. ఇప్పుడు తెర ముందే లెగిసున్నా గానీ, పాస్టరుగారు కొంచెం ఆగుదాం అంటారు. పిల్లలు కూడా కదలరు. బయటోళ్ళు వస్తే ఇక్కడ ఇదేదో పద్ధతి కాబోలనుకుంటారు."

ఆ రాత్రికే జవాబు రాశాను. చల్లగా ఉంటే ఏ తేడా రాదు, వేడిలో తెర లేవదు, నిన్నటిదాకా నేనూ మీలాగే పొరబడబోయాను, లైను ఉంచండి. ఆయన మంచివాడే. ఉంచుతానన్నాడు, క్షమించమన్నాడు. కిందనే ఇంకో ముక్క రాశాడు. ఈ డ్రైవర్ చూసుకునేవారి అడ్రసు పనిచేయడం లేదు. ఎవరైనా బాధ్యత తీసుకుంటే సరే, లేకపోతే మా నియమం ప్రకారం దీన్ని అనాథ అని నమోదు చేయాలి. అలా నమోదైనవాటిని కొన్నాళ్ళకి తీసేస్తుంటాం.

అనాథ అనేది వాళ్ళకి మామూలు మాటే. పట్టీలో ఎన్నో డ్రైవర్ల పక్కన అది ఉంటుంది. నాకు మాత్రం ఆ రోజంతా అన్నం సయించలేదు. నాకు ఓపిక లేదు. కళ్ళు మండుతున్నాయి, నడుము సహకరించదు, ఊరూపేరూ తెలియనివాళ్ళు పంపే మెయిళ్ళకి కారణాలు చెప్పుకుంటూ కూర్చునే వయసు దాటిపోయింది. అసలు ఆ చిప్ ఇప్పుడు ఎవరు వాడుతున్నారు, గుణదలలో ఒక రేకుల షెడ్డు తప్ప? ఇన్నీ అనుకున్నాను. అనుకుంటూనే మాస్టారి అడ్రసున్న లైను చెరిపి అక్కడ నాది పెట్టాను. రాసినవారిగా ఆయన పేరు ఎలాగూ పైన ఉంటుంది. ఆగే లైను మీద ఆయన రాసిన ముక్కని ముట్టుకోలేదు. ఎందుకో నాకూ తెలియదు కదా.

మర్నాడు ఆంటీ ఫోన్ చేశారు.

"ఏమైందమ్మా, ఆ లైను ఉంచారా?"

"ఉంచారాంటీ."

"మరి ఆయన లేడుగా. ఇక ఎవరు చూసుకుంటారంట?"

"నేనే."

అవతల ఏమీ వినపడలేదు. ఫోన్ కట్టయిందేమోనని చూశాను. కాలేదు. నేను ఆగాను.

"అన్నం తిన్నావా అమ్మా?" అన్నారు ఆంటీ, కొంచెం సేపటికి.